ప్రపంచ సంప్రదాయ వాద్యాలు, వాటి వర్గీకరణ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక వాద్యం ఏ వర్గానిదో తేల్చడానికి దేన్ని చూడాలి?

ముందుగా కంపించేది ఏదో దాన్ని చూడాలి. దేనితో చేశారు, ఎలా పట్టుకుంటారు, ఎంత పెద్దది అన్నవి తర్వాతి సంగతులు. తీగ కంపిస్తే తంత్రీవాద్యం. బిగించిన తోలు కంపిస్తే చర్మవాద్యం. గాలి కంపిస్తే సుషిరవాద్యం. తీగా తోలూ లేకుండా వాద్యం ఒళ్ళే మోగితే ఘనవాద్యం. తాళాలు, గంట, గజ్జెలు, ఘటం, జైలోఫోన్ ఈ కోవలోవే.

వీణ తీగను మీటినప్పుడు బుర్ర, పైపలక, లోపలి గాలి కూడా కంపిస్తాయి. అయినా తీగ మీద వేలు ఆనిస్తే అవన్నీ ఒక్కసారిగా సద్దుమణుగుతాయి. కాబట్టి అక్కడ మూలం తీగ. మిగతావి దాని శబ్దాన్ని పెంచే భాగాలు. ఈ తేడా పట్టుబడితే వర్గీకరణ సగం వచ్చినట్టే. మరమ్మతుకూ ఇదే దారి. వాద్యం సరిగా పలకకపోతే మొదట చూడాల్సింది ఆ కంపించే భాగాన్నీ, అది ఆనుకునే చోటునూ.

ఈ నాలుగు వర్గాలు ఎక్కడి నుంచి వచ్చాయి?

భరతుడి నాట్యశాస్త్రం 28వ అధ్యాయంలో తత, అవనద్ధ, ఘన, సుషిర అని వాద్యాలను నాలుగుగా విభజించారు. యూరప్‌లో మాత్రం చాలాకాలం తీగవి, ఊదేవి, కొట్టేవి అన్న మూడు గుంపులే నడిచాయి. అందులో డోలూ గంటా ఒకే గుంపులో పడతాయి. రెండింటిలో మోగే పద్ధతే వేరు కాబట్టి ఆ విభజన లోతుకు పోలేదు.

1876లో కలకత్తాకు చెందిన శౌరీంద్ర మోహన్ ఠాగూర్ బెల్జియం రాజు రెండో లియోపోల్డ్‌కు భారతీయ వాద్యాలను కానుకగా పంపారు. అవి బ్రస్సెల్స్ కన్సర్వేటరీ మ్యూజియానికి చేరాయి. ఆ మ్యూజియం సంరక్షకుడు విక్టర్ మహియోన్ 1880లో ప్రచురించిన జాబితాలో నాలుగు వర్గాల పద్ధతినే వాడాడు. దాన్ని పెంచి, దశాంశ సంఖ్యలతో పెద్ద వ్యవస్థగా 1914లో ప్రకటించినవారు ఎరిక్ ఫాన్ హోర్న్‌బోస్టెల్, కుర్ట్ సాక్స్. ఇవాళ్టికీ మ్యూజియాల్లో ఎక్కువగా నడిచేది ఇదే. 2011లో ఐరోపా మ్యూజియాల ఉమ్మడి ప్రాజెక్టు ఒకటి దీన్ని సవరించింది.

321.322-71 లాంటి సంఖ్యను ఎలా చదవాలి?

ఎడమ నుంచి ఒక్కో అంకె చదువుకుంటూ పోవాలి. ప్రతి అంకె ఇంకో మెట్టు లోపలికి తీసుకెళ్తుంది. చుక్కలు కంటికి సులువు కోసమే, వాటికి విలువ లేదు. మొదటి అంకె 1 అయితే ఘనవాద్యం, 2 చర్మవాద్యం, 3 తంత్రీవాద్యం, 4 సుషిరవాద్యం. 1940లో సాక్స్ విద్యుత్ వాద్యాల కోసం ఐదో వర్గం కలిపాడు.

పై సంఖ్య వయొలిన్‌ది. 3 అంటే తంత్రీవాద్యం. 32 అంటే తీగలను మోసే భాగమూ నాదపేటికా విడదీయలేనట్టు కలిసిపోయినది. 321 అంటే తీగల వరుస పైపలకకు సమాంతరంగా సాగేది, అంటే ల్యూట్ కుటుంబం. 321.3 దగ్గర పొడవైన దండి వస్తుంది. 321.32లో ఆ దండి పేటికలోంచి దూసుకుపోకుండా మెడలా అతికి ఉంటుంది. చివరి 2 పేటిక పెట్టె ఆకారంలో ఉందని చెబుతుంది. గిన్నెలా గుండ్రంగా ఉంటే అక్కడ 1 వచ్చేది. గీత తర్వాతి 71 కమానుతో వాయిస్తారని.

ఇదే లెక్కన సితార్ 321.321-6. గుండ్రటి బుర్ర, మీటడానికి వేలికి తొడిగే మిజ్రాబ్. సంతూర్ 314.122-4, పియానో 314.122-4-8. రెండింటికీ చివరి 8 తప్ప తేడా లేదు, ఆ 8 మీటల పలకను సూచిస్తుంది. పియానో తీగవాద్యమా, కొట్టేవాద్యమా అన్న వాదనకు ఈ సంఖ్యే జవాబు. సుత్తులతో కొట్టే తీగవాద్యం అది.

పేరు తెలియని వాద్యం చేతికొచ్చింది. ఎలా తేల్చాలి?

ముందు మోగించండి. మోగుతుండగా ఒక్కో భాగం మీద వేలు ఆనించండి. ఏది ఆపితే శబ్దం పూర్తిగా తెగుతుందో అదే మూలం. తర్వాతి ప్రశ్నలు వర్గాన్ని బట్టి మారతాయి.

తీగలుంటే, నాదపేటికను ఊహలో తీసేసి చూడండి. అప్పటికీ తీగలు బిగిసే ఉంటే అది 31, లేకపోతే 32. 32లో తీగలు పైపలకకు సమాంతరంగా ఉంటే ల్యూట్, పలక నుంచి నిలువుగా లేస్తే హార్ప్. పశ్చిమ ఆఫ్రికా కోరా ఈ రెండింటి లక్షణాలూ కలుపుకున్నది. సగం సొరకాయ బుర్రకు ఆవుతోలు బిగించి, గాట్లు పెట్టిన నిలువు వంతెన మీద 21 తీగలను రెండు వరుసల్లో ఆనిస్తారు. దానికి 323 అని వేరే చోటు ఇచ్చారు.

తోలు ఉంటే రెండు చివరల వ్యాసాలూ నడుమ వ్యాసమూ కొలవండి. మూడూ సమానమైతే గొట్టం, నడుమ ఉబ్బితే పీపా, నడుమ సన్నబడితే డమరుకం, ఒక చివర బాగా చిన్నదైతే శంకువు. లోతు బాగా తక్కువైతే చట్రం వాద్యం, అంటే డప్పు, కంజీర, ఐర్లాండు బోరాన్ లాంటివి.

ఊదే వాద్యంలో నోటి దగ్గరే తేలిపోతుంది. ఊపిరి ఒక అంచుకు తగిలి చీలితే వేణువు జాతి (421). రెల్లు కంపిస్తే 422. పెదవులే కంపిస్తే 423. ఫోటో చూసి తేల్చేవారు ఇక్కడే బోల్తా పడతారు. పాములవాళ్ల బూర బయటికి వేణువులా రెండు గొట్టాలతో కనిపిస్తుంది. ఊపిరి వెళ్ళే బుర్ర లోపల ఒక్కో గొట్టానికి ఒక్కో ఒంటి రెల్లు దాగి ఉంటుంది. బ్యాగ్‌పైప్ రెల్లులు కూడా లోపలే ఉంటాయి.

శాక్సఫోన్ ఇత్తడిది కదా, ట్రంపెట్ జాతిలో ఎందుకు చేర్చరు?

ఇత్తడి కంపించదు కాబట్టి. శాక్సఫోన్‌లో కంపించేది ఒంటి రెల్లు. అది క్లారినెట్‌కు చుట్టం. ఇటు నుంచి చూస్తే శంఖం, చెక్కతో చేసే స్విట్జర్లాండు ఆల్ప్‌హార్న్, ఉత్తర ఆస్ట్రేలియా ఆదివాసుల డిడ్జెరిడూ మూడూ ట్రంపెట్‌కు చుట్టాలు. మూడింటిలోనూ వాయించేవాడి పెదవులే కంపిస్తాయి. డిడ్జెరిడూ మామూలుగా చెదలు లోపల తినేసిన యూకలిప్టస్ కాండం. నోటి దగ్గర తేనెమైనం అద్దుతారు. ఆ మైనం పెదవులు ఒరుసుకుపోకుండా చూడటమే కాక గాలి పక్కకు జారకుండా ఆపుతుంది. వేళ్ళ రంధ్రాలు లేవు గనుక అదే మూలస్వరం మీద నాలుక, చెంపలు, గొంతుతో రంగులు మారుస్తారు.

సరస్వతీ వీణ, రుద్రవీణ ఒకే జాతివా?

పేరు ఒకటే, నిర్మాణం వేరు. రుద్రవీణకు ఆధారం బోలు దండి. రెండు పెద్ద సొరబుర్రలను దాని కింద బిగిస్తారు. బుర్రలు విప్పేసినా దండి మీద తీగలు అలాగే ఉంటాయి, శబ్దం చిన్నదవుతుంది, అంతే. కనుక అది 311 కిందికి వచ్చే దండె జిథర్ (జిథర్ అంటే నాదపేటిక తీసినా తీగలు నిలిచే 31 రకం). సరస్వతీ వీణలో కుండా దండీ కలిసి ఒకే నిర్మాణం. కుండ తీస్తే వాద్యమే లేదు. అందుకే 321 ల్యూట్ కుటుంబం. దండి చివర వేలాడే చిన్న బుర్ర మాత్రం తీసిపెట్టదగినదే, అది ప్రధానంగా ఆనుకు కోసం.

ఎటూ తేలని వాద్యాలు ఉన్నాయా?

చాలానే. అసలు వర్గీకరణలో రుచి ఉన్నదే అక్కడ.

కంజీర తోలు 2వ వర్గం, చట్రం పగుల్లో మోగే బిళ్ళ 1వ వర్గం. రెండు సంఖ్యలూ రాసి మధ్యలో కూడిక గుర్తు పెడతారు. హార్మోనియంలో గాలి ఊదుతుంది కాబట్టి వేణువుతో కలపబోతారు. కానీ దానిలో స్వరం గొట్టం పొడవు వల్ల రాదు, ఒక్కో లోహపు నాలుకకు దాని స్వరమే ఉంటుంది. అందుకే 412.13 కింద, చైనా షెంగ్, మౌత్ ఆర్గాన్‌ల సరసన ఉంటుంది. బుల్‌రోరర్ అనే చెక్క పలకను తాడుకు కట్టి తిప్పితే చుట్టూ గాలే మోగుతుంది. గొట్టమే లేని సుషిరవాద్యం అది.

ఎక్కువ వాదన జరిగింది మాత్రం జమిడిక, గోపీయంత్రం లాంటి వాటి మీద. ఒక డొల్లకు తోలు బిగించి, ఆ తోలు మధ్యనుంచి తీగ లాగి మీటుతారు. 1914 నాటి పద్ధతిలో ఇవి మీటే చర్మవాద్యాలు, సంఖ్య 22. తీగను మీటుతున్నారు, స్వరం తీగ బిగువుతోనే మారుతోంది, తోలు నాదపేటిక పలక పనే చేస్తోంది అని తర్వాతి పండితులు గట్టిగా ఎత్తిచూపారు. వేలు ఆనించే పరీక్ష చేస్తే వాళ్ల మాటే నిలుస్తుంది. వీటిని తంత్రీవాద్యాల్లో రాయడమే న్యాయం.

గంటకూ గాంగ్‌కూ తేడా ఏమిటి?

కంపనం ఎక్కడ బలంగా ఉందన్నదే. గాంగ్‌లో నడుమ బలంగా, అంచు దగ్గర సన్నగా ఉంటుంది. అందుకే అంచున తాడు కట్టి నడుమ కొడతారు. గంటలో తలకట్టు దాదాపు కదలదు, పెదవి బలంగా కంపిస్తుంది. అందుకే తలకట్టును వేలాడదీసి పెదవి మీద కొడతారు. గాంగ్‌ను నడుమ పట్టుకుని మోగించాలని చూస్తే ఠప్పుమని ఆగిపోతుంది.

అన్ని దేశాలూ ఇలాగే విభజిస్తాయా?

లేదు. ప్రాచీన చైనాలో పదార్థాన్ని బట్టి ఎనిమిది: లోహం, రాయి, పట్టు, వెదురు, సొరకాయ, మట్టి, తోలు, చెక్క. పట్టు అంటే తీగలు, అవి పట్టుదారంతో పేనేవి కాబట్టి. ఇందులో షెంగ్ సొరకాయ కిందికి వస్తుంది, దాని గాలి పెట్టె ఒకప్పుడు సొరబుర్ర. ఆ సమాజంలో వాద్యానికి ఏ స్థానం ఇచ్చారో తెలుసుకోవాలంటే వాళ్ల విభజనే చూడాలి. వేర్వేరు దేశాల వాద్యాలను ఒకే బీరువాలో పేర్చాలంటే హోర్న్‌బోస్టెల్-సాక్స్ సంఖ్య కావాలి. మ్యూజియం చీటీ మీద రెండూ రాయడం మంచిది.

మృదంగానికి నల్లమచ్చ ఎందుకు?

మామూలు తోలు మోగితే వచ్చే స్వరాలు ఒకదానికొకటి పొసగవు. గుండ్రంగా బిగించిన తోలు మూలకంపనం 1 అనుకుంటే పైవి 1.59, 2.14, 2.30, 2.65, 2.92 నిష్పత్తుల్లో వస్తాయి. తీగలో లాగా 2, 3, 4 అని పూర్ణ సంఖ్యలు రావు. అందుకే చాలా డోళ్లలో దెబ్బ వినిపిస్తుంది గానీ స్థిరమైన శ్రుతి పట్టుబడదు. తోలు నడుమ బరువు చేరిస్తే ఆ నిష్పత్తులు జరుగుతాయి. సరైన బరువు, సరైన వెడల్పు కుదిరితే అవి పూర్ణ సంఖ్యల దగ్గరికి వచ్చి కూర్చుంటాయి. దీన్ని సి.వి. రామన్ 1920లో శివకాళీ కుమార్‌తో కలిసి, మళ్ళీ 1934లో వివరంగా రాశారు. మృదంగం, తబలా తోళ్లలో మొదటి ఐదు స్వరాలూ అనుస్వరాల (మూలస్వరానికి పూర్ణ సంఖ్యల రెట్లలో వచ్చే స్వరాల) వరుసలో పడతాయని చూపారు.

మచ్చను ఒకేసారి మందంగా వేయరు. ఉడికించిన అన్నం ముద్దలో ఇనుము, మాంగనీసు ఉన్న నల్లరాతి పొడి కలిపి, పలచటి పూతగా అద్ది, నున్నటి రాయితో గట్టిగా రుద్ది ఆరనిస్తారు. దానిపై ఇంకో పూత. పొరలు పెరిగేకొద్దీ వలయాలు చిన్నవవుతూ పోతాయి, అందువల్ల మచ్చ నడుమ మందంగా, అంచున పలచగా ఉంటుంది. రుద్దడంలో మచ్చ అంతటా సన్నటి పగుళ్లు పడతాయి. ఆ పగుళ్లే దాన్ని తోలుతో పాటు వంగనిస్తాయి. పగుళ్లు లేని గట్టి బిళ్ళ అయితే తోలు నడుమ చచ్చుబడిపోతుంది. పగుళ్లు వెడల్పై ముక్కలు రాలడం మొదలైతే ముందు కనబడే లక్షణం శ్రుతి నిలవకపోవడం. అప్పుడు మచ్చ కొత్తగా వేయించాల్సిందే.

మృదంగం ఎడమ మూతకు మచ్చ ఉండదు. కచేరీకి ముందు రవ్వను నీళ్లతో తడిపి ముద్ద చేసి నడుమ అద్దుతారు, అయ్యాక గీకేస్తారు. పలచగా ఉంటే పక్కకు జారుతుంది. గట్టిగా ఉంటే వాయిస్తుండగా ఎండి పెళుసుబారి ఊడుతుంది. గీకకుండా వదిలేస్తే తోలు కుళ్ళడం మొదలవుతుంది.

డప్పును మంట మీద ఎందుకు కాస్తారు? కంజీరకు నీళ్లెందుకు రాస్తారు?

రెండూ ఒకే కారణానికి ఎదురెదురు వైద్యాలు. పచ్చితోలు గాలిలోని తేమను పీల్చి బరువెక్కి సాగుతుంది, శ్రుతి దిగుతుంది. ఎండితే బిగిసి శ్రుతి ఎక్కుతుంది. డప్పుకు బిగించే మరలు లేవు, కనుక తేమను వేడితో తరుముతారు. తోలు వైపును మంటకు చూపుతూ చట్రాన్ని ఆగకుండా తిప్పాలి. వేలితో తట్టి చూస్తూ ఉండాలి, మోత స్పష్టంగా పైకి లేవగానే తీసేయాలి. ఒకేచోట ఆపితే అక్కడ తోలు పెళుసుబారి, తర్వాత చట్రం అంచు దగ్గర చిరుగుతుంది. చల్లారాక మళ్ళీ తేమ పడుతుంది కాబట్టి మధ్యమధ్యలో కాయక తప్పదు. కంజీరది చిన్న చట్రం, తోలు బాగా బిగువు. లోతైన మోత కావాలంటే లోపలి వైపు కొద్దిగా నీళ్లు చిలకరించి వేళ్లతో సర్ది కొన్ని క్షణాలు ఆగుతారు. ఎక్కువ తడిపితే అది ఆరేదాకా చేసేదేమీ లేదు.

కంజీరకు సంప్రదాయంగా ఉడుము తోలు వాడేవారు. ఉడుము 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద రక్షిత జంతువు. ఇప్పుడు మేకతోలు, కృత్రిమ పొరలు తీసుకోవాలి.

వేణువు కాసేపు ఊదాక శ్రుతి ఎందుకు పెరుగుతుంది?

లోపలి గాలి వేడెక్కుతుంది కాబట్టి. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర శబ్దవేగం సెకనుకు 343 మీటర్లు. ఒక్కో డిగ్రీకి అది దాదాపు 0.6 మీటర్లు పెరుగుతుంది. అర్ధస్వరాన్ని 100 సెంట్లు అనుకుంటే డిగ్రీకి 3 సెంట్లు, పది డిగ్రీలకు 30 సెంట్ల తేడా. చెవికి ఇది బాగా తెలుస్తుంది. అదే వేడికి ఉక్కు తీగ సాగి శ్రుతి దిగుతుంది. అందుకే వేణువూ వీణా కలిసి వాయించే వేదికపై రెండూ ఎదురెదురు దిక్కుల్లో జరుగుతాయి. వేణువును ముందే కొన్ని నిమిషాలు ఊది వేడి చేసి, ఆ తర్వాత తీగలను దానికి సరిచేయాలి.

పొడవు లెక్క కూడా తెలుసుకోవడం మంచిది. రెండు చివరలూ తెరిచిన గొట్టం మూలస్వరం శబ్దవేగాన్ని పొడవుకు రెట్టింపుతో భాగిస్తే వస్తుంది. 440 హెర్ట్జ్‌కు దాదాపు 39 సెంటీమీటర్లు, చివరల దిద్దుబాటు వల్ల నిజానికి కొంచెం తక్కువ. అర్మేనియా డుడుక్‌లాగా సమాన వ్యాసపు గొట్టానికి రెల్లు పెడితే ఒక చివర మూసినట్టు అవుతుంది, అదే పొడవుకు ఒక స్థాయి (ఆక్టేవ్) కిందికి పలుకుతుంది. నాదస్వరం గొట్టం శంకువులా వెడల్పవుతుంది. అందుకే రెల్లు ఉన్నా ఊపిరి పెంచితే పై షడ్జమానికి ఎక్కుతుంది.

రెల్లు వాద్యం పలకడం లేదు. ఏం చూడాలి?

మొదట రెల్లు రెండు పెదవుల మధ్య సందు. ఎండిన రెల్లు కంపించదు, కనుక వాయించే ముందు తడపాలి. ఎక్కువ నానితే పెదవులు మూసుకుపోతాయి, లేదా బాగా తెరుచుకుని ఊపిరి ఖర్చు పెరుగుతుంది. డుడుక్ రెల్లులో కొన్ని చుక్కల నీళ్లు పోసి, ఒంపేసి, కొన్ని నిమిషాలు ఆగితే మూసుకున్న సందు తెరుచుకుంటుంది. మరీ తెరుచుకుంటే నడుమ ఉన్న పట్టీని ముందుకు జరిపి, పని అయ్యాక మూత బిగించి ఉంచాలి. కొసన పగులు కనిపిస్తే ఆ రెల్లుకు మందు లేదు, మార్చండి.

రెల్లు బాగానే ఉండి కింది స్వరాలు మాత్రమే పలకకపోతే గాలి ఎక్కడో జారుతోంది. రెల్లు కూర్చున్న గొట్టం మొదలు దగ్గర దారం చుట్టు వదులైందేమో చూడండి. తర్వాత వేళ్ల రంధ్రాలు. నాదస్వరంలో వేళ్లు వేసే ఏడు రంధ్రాలకు కింద ఉండే రంధ్రాలను మైనంతో పూడ్చి శ్రుతి సరిచేస్తారు. ఆ మైనం రాలినా శ్రుతి దెబ్బతింటుంది.

తీగలు పదేపదే తెగుతున్నాయి. ఎందుకు?

తెగిన చోటే కారణం చెబుతుంది. మేరువు (దండి చివర తీగ ఆనే గట్టు) లేదా వంతెన దగ్గర తెగితే అక్కడి గాడి అంచు పదునెక్కింది. సన్నటి గరుకు కాగితంతో ఒరిపి గుండ్రం చేయాలి. బిరడ దగ్గర తెగితే చుట్టేటప్పుడు తీగ మెలిపడింది. నడుమ తెగితే తుప్పు, చేతి చెమట దానికి ముఖ్య కారణం. వాయించాక పొడిగుడ్డతో తుడిస్తే తీగ ఆయుష్షు బాగా పెరుగుతుంది.

ఏ చోటా కాక బిగిస్తుండగానే తెగితే మీరు కోరే శ్రుతికి ఆ తీగ మందం తగదు. శ్రుతి బిగువు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. అర్ధస్వరం ఎక్కించాలంటే బిగువు 12 శాతం, పూర్ణస్వరానికి 26 శాతం, ఒక స్థాయికి నాలుగింతలు కావాలి. తీగ తట్టుకున్నా ఆ భారం పైపలక మీద పడుతుంది. పైశ్రుతికి సన్నటి తీగ వేయడమే సరైన పని.

తంబూరాలో దారం ఎక్కడ పెట్టాలి?

వంతెన పైభాగం కొద్దిగా వంపుగా ఉంటుంది. తీగ కంపిస్తూ ఆ వంపును మెల్లగా తాకి వదులుతుంది, దాంతో పై అనుస్వరాలు వికసిస్తాయి. తీగకూ వంతెనకూ నడుమ పెట్టే దారం పోగు తీగను సరిగ్గా తగినంత ఎత్తుతుంది. ముందు దారాన్ని పక్కకు లాగేసి తీగను శ్రుతి చేయండి. తర్వాత మీటుతూనే దారాన్ని వంతెన మీద వెంట్రుకవాసి చొప్పున జరపండి. మొదట మొద్దుగా, తర్వాత గరగరగా, ఒక్కచోట మాత్రం స్వరం విచ్చుకుని పొడవుగా నిలుస్తుంది. అక్కడ ఆపండి. శ్రుతి మారిస్తే ఆ చోటూ మారుతుంది. ఎక్కడ పెట్టినా గరగర పోకపోతే దారం నలిగి చదునైంది, లేదా వంతెన మీద తీగ గాడి పడింది. దారం మీరే మార్చవచ్చు. వంతెన అరగదీయడం అనుభవమున్న చేతికే వదలాలి, రెండు మూడు గీతలు ఎక్కువ పడితే వెనక్కి రాదు.

వాద్యంలో గరగర వినిపిస్తే తప్పేనా?

చాలా వాద్యాల్లో అది కావాలని పెట్టిందే. లోహపు పట్టీలను వేళ్లతో మీటే జింబాబ్వే మబిరాకు గవ్వలు, సీసా మూతలు కడతారు. అవి రాలబోయే ముక్కలనుకుని కొత్తవాళ్లు పీకేస్తుంటారు, వాద్యం సగం చచ్చిపోతుంది. పశ్చిమ ఆఫ్రికా జైలోఫోన్ అయిన బాలఫోన్ సొరబుర్రలకు రంధ్రం చేసి సాలీడు గూటి పొర అంటిస్తారు.

చైనా డిజీ వేణువుకు నోటి రంధ్రానికీ వేళ్ల రంధ్రాలకూ నడుమ ఇంకో రంధ్రం ఉంటుంది. దానికి రెల్లుకాడ లోపలి పలచటి పొర అంటించాలి. రంధ్రం కన్నా కొంచెం పెద్ద ముక్క కత్తిరించి, రంధ్రం చుట్టూ నీటిలో కరిగే జిగురు పలచగా రాసి, పొరను సన్నటి అడ్డ ముడతలు వచ్చేట్టు సాగదీసి అద్దుతారు. నున్నగా బిగిస్తే స్వరం మొద్దుబారుతుంది. వదులుగా వేస్తే పై స్వరాల్లో ఊపిరి చీలుతుంది. ఆ పొర లేకుండా టేపు అతికించి వాయిస్తే వినబడేది మామూలు వెదురు వేణువే.

బాలి ద్వీపపు లోహవాద్యాల బృందమైన గామెలాన్‌లో జంట వాద్యాలను కావాలనే కొన్ని హెర్ట్జ్ తేడాతో శ్రుతి చేస్తారు. రెండూ కలిసి మోగినప్పుడు శబ్దం అలలా ఊగుతుంది. యంత్రం పెట్టి రెండింటినీ ఒకటి చేస్తే ఆ ఊగు పోతుంది. ఒక గామెలాన్ వాద్యాన్ని ఇంకో గామెలాన్‌లోకి తీసుకెళ్లడమూ కుదరదు, ఏ సెట్టుకు ఆ సెట్టు శ్రుతే.

మోర్సింగ్‌కూ మబిరాకూ శ్రుతి మార్చగలమా?

మార్చవచ్చు. మోర్సింగ్ నాలుక కొసన చిటికెడు తేనెమైనం అంటిస్తే బరువు పెరిగి శ్రుతి దిగుతుంది. తీసేస్తే మళ్ళీ ఎక్కుతుంది. శ్రుతి పెంచాలని నాలుకను అరగదీస్తే తిరిగి దించడానికి మైనం తప్ప దారి లేదు, కాబట్టి కావలసిన దానికన్నా కొంచెం పై శ్రుతి వాద్యాన్నే ఎంచుకోండి. మబిరాలో లోహపు పట్టీని చిన్న సుత్తితో మెల్లగా తట్టి, వంతెన దాటి బయటికి ఉన్న పొడవు పెంచితే శ్రుతి దిగుతుంది, తగ్గిస్తే ఎక్కుతుంది. ఒక పట్టీ జరిగితే పక్కవీ కదులుతాయి, అన్నీ మళ్ళీ చూసుకోవాలి.

దొరికిన వాటిలో అతి పాత వాద్యం ఏది?

జర్మనీలోని హోలె ఫెల్స్ గుహలో 2008లో దొరికిన రాబందు ఎముక వేణువు చాలా పాతవాటిలో ఒకటి. ఐదు రంధ్రాలు, వయసు కనీసం 35,000 ఏళ్లు. చైనాలోని జియాహులో కొంగ ఎముక వేణువులు దొరికాయి, వాటిలో ఒకటి ఇప్పటికీ పలికింది. వేణువే తొలి వాద్యమని దీన్నిబట్టి అనుకోకూడదు. ఎముక మిగులుతుంది. తోలు, రెల్లు, చెక్క, నరం మట్టిలో కలిసిపోతాయి.

చెక్క వాద్యాన్ని ఎలా భద్రపరచాలి?

గాలిలో సాపేక్ష తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే చాలు. చెక్క నారకు అడ్డంగా ఎక్కువ, నిలువుగా చాలా తక్కువ కుంచించుకుపోతుంది. కాబట్టి పొడిగాలిలో పలకలు నార వెంట చీలుతాయి. తేమ చోటు నుంచి హీటర్ ఉన్న గదికి ఒక్కసారిగా మార్చినప్పుడు ఈ ప్రమాదం ఎక్కువ. పెట్టెలోనే ఉంచి కొన్ని రోజులు సర్దుకోనివ్వాలి. చాలాకాలం వాయించకపోతే తీగలను ఒకటి రెండు స్వరాలు దించండి, పూర్తిగా విప్పకండి. వయొలిన్‌లో పూర్తిగా విప్పితే లోపలి గుంజ పడిపోతుంది, దాన్ని నిలబెట్టడానికి పనిముట్టూ నేర్పూ కావాలి.

కొత్త వాద్యాన్ని నమోదు చేయాలంటే ఏమేం రాసుకోవాలి?

స్థానికులు పిలిచే పేరు, వాళ్ల ఉచ్చారణలోనే. తీగవాద్యమైతే మొత్తం పొడవుతో పాటు మేరువు నుంచి వంతెన దాకా కంపించే పొడవు మిల్లీమీటర్లలో. చాలా జాబితాల్లో ఇదే ఉండదు, అది లేకుండా శ్రుతి ఊహించలేం. తోలువాద్యమైతే రెండు ముఖాల వ్యాసాలు, నడుమ వ్యాసం, తోలు బిగించిన పద్ధతి. వేణువైతే ప్రతి రంధ్రం నడుమ నుంచి నోటి రంధ్రం నడుమకు దూరం, లోపలి వ్యాసం. కొలతబద్ద పక్కనపెట్టి నాలుగు వైపులా ఫోటోలు, ఒక్కో స్వరం విడివిడిగా రికార్డింగు. తర్వాత మార్చిన భాగాలు ఏవో తప్పక రాయాలి, ప్లాస్టిక్ మెట్లను చూసి అసలు వాద్యమే అలా ఉందనుకుంటారు. చెక్క పేరు ఖాయంగా తెలియకపోతే రంగు, నార వర్ణించి వదిలేయండి. సంఖ్య వేయడం చివర.

వాద్యంతో విదేశాలకు వెళ్లేటప్పుడు ఏ జాగ్రత్తలు కావాలి?

సమస్య తెచ్చేది వాద్యంలోని పదార్థం. అంతరించే జీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం కింద ఏనుగు దంతం, తాబేటి చిప్ప, కొండచిలువ తోలు, కొన్ని రోజ్‌వుడ్ రకాలు వస్తాయి. చైనా కమాను వాద్యం ఎర్హూకు కొండచిలువ తోలు బిగిస్తారు, కనుక కొనేటప్పుడే అనుమతి పత్రం అడిగి తీసుకోవాలి. తయారీ పూర్తయిన వాద్యాల్లోని రోజ్‌వుడ్‌కు 2019 నవంబరు నుంచి మినహాయింపు ఉంది, కానీ బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు అది వర్తించదు. తరచూ ప్రయాణించే కళాకారులకు వాద్య ధ్రువపత్రం అని మూడేళ్ల వరకు చెల్లే పత్రం ఉంది, దరఖాస్తుకు వాద్యం ఫోటోలు, పదార్థాల జాబితా, కొన్న రసీదు సిద్ధం చేసుకోండి. విమానం ఎక్కే ముందు తీగలను ఒకటి రెండు స్వరాలు దించి, వంతెన కింద మెత్తటి గుడ్డ పెట్టండి. రెల్లులు, జిగురు, మైనం చేతిసంచిలో ఉంచుకోండి.